పంజాగుట్ట మిద్దెకు పదహారు చెక్కలు

పదేళ్ళ కిందట, ముప్పై తొమ్మిది వేసవిలో, నేను ఇరవై ఒక్క రోజుల ప్రయాణం చేశాను. పోనూ రానూ నాలుగు రోజులు రైళ్ళకే సరిపోయాయి. మిగిలిన పదిహేడు రోజులూ హైదరాబాదు పొలిమేరలో అమీర్‌పేట, పంజాగుట్ట అనే రెండు చోట్ల మధ్యనే తిరిగాను. చార్మినారు చూడలేదు. నగల బజారు చూడలేదు. అవి చూసి వచ్చినవాళ్ళు చాలామంది రాశారు. నేను దగ్గరగా చూసింది ఒక ఇంటి పైకప్పు మాత్రమే. ఇప్పుడు కట్టే ఇళ్ళలో అలాంటి కప్పు వేయడం లేదు కనుక, చూడనివాళ్ళ కోసం రాసిపెడుతున్నాను.

గుల్లపాడులో

మాది పల్నాటిలో గుల్లపాడు. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే తేలికైన తెల్లటి పెళ్ళలు మిగులుతాయి. వాటినే గుల్ల అంటాం. నా చిన్నతనంలో ఊరి పడమట పదకొండు బట్టీలుండేవి. తెల్లారేసరికి పదకొండు పొగలు లేచేవి. గాలి లేని రోజున అవి నిటారుగా నిలబడితే నేను వేలు పెట్టి లెక్కపెట్టేవాణ్ణి. నేను నేర్చిన మొదటి లెక్క అదే. బడికి పోయింది రెండేళ్ళు. తక్కిన ఎక్కాలూ భిన్నాలూ బట్టీల కాటా దగ్గర నాకు నేనే నేర్చుకున్నాను.

బొగ్గు కోసం మా వాళ్ళు ఊరి చుట్టూ ఉన్న తుమ్మ బీళ్ళను ఏడుగా విభజించుకున్నారు. ఏడాదికి ఒక్క బీడే కొట్టాలి. ఎనిమిదో ఏడు మొదటి బీటికి వచ్చేసరికి తుమ్మ మళ్ళీ తలెత్తు పెరిగి ఉంటుంది. ఒక బీడు బొగ్గుకి పన్నెండు బండ్ల గుల్ల కాలుతుంది. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు గాని, తప్పినవాళ్ళు లేరు.

ఆ తర్వాత సిమెంటు బస్తాలు రైల్లో దిగడం మొదలైంది. ముప్పై తొమ్మిది నాటికి మాకు మిగిలింది ఒక్క బట్టీ. నలభై గడపల్లో సగం గుంటూరులో పొగాకు ఆరబెట్టే బేరన్లకి వలస పోయాయి. మిగతా సగం పోవడానికి మూటలు కట్టుకుంటున్నాయి.

అప్పుడు వచ్చాడు దేవదానం. అమీర్‌పేటలో ఉండే క్రైస్తవుడు, ఇళ్ళ పనులు చూసే ఓవర్సీయరు. మా పక్క ఊళ్ళో మిషను బంగళాకి చుట్టపుచూపుగా వచ్చి, ఆ మిద్దె కింద మధ్యాహ్నం నిద్రపోయాడట. లేచి, "బయట నిప్పులు కురుస్తుంటే గిక్కడ దుప్పటి కావాల్నంటున్న. ఎవరు కొట్టిండ్రు గీ మిద్దె?" అని అడుగుతూ మా ఊరికి నడిచి వచ్చాడు.

కొట్టింది మా ఊరి ఆడవాళ్ళు. దూలాల మీద ఇటుక పేర్చి, దాని మీద ఇటుక కంకరా గానుగ సున్నమూ కలిపి నాలుగంగుళాల మందం పరుస్తారు. తర్వాత ఆడవాళ్ళు వరసగా గొంతుక్కూర్చుని, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ చిలకరిస్తూ, చేతి చెక్కలతో రోజుల తరబడి కొడతారు. నాలుగంగుళాలు మూడవుతుంది. ఆ మూడు రాయవుతుంది.

పంజాగుట్టలో పెన్షను పుచ్చుకున్న జడ్జీ ఒకాయన బంగళా కట్టిస్తున్నాడనీ, ఆయన స్నేహితులు అయిదుగురు ఆ పక్క గుట్టల మీదే జాగాలు కొన్నారనీ దేవదానం చెప్పాడు. ఈ ఒక్క మిద్దె నచ్చితే ఆ అయిదూ మాకే. నచ్చకపోతే ఆరూ సిమెంటే. ఊరు నిలవడమా, మూటలెత్తడమా అన్నది ఆ ఒక్క కప్పు మీదికి వచ్చింది. నిరుటి బీడు బొగ్గుతో కాల్చిన ఆరు బండ్ల గుల్ల గూడ్సు వాగన్లో ముందే పంపాం. వెనక పదహారుమంది ఆడవాళ్ళూ నేనూ బయల్దేరాం.

సరిహద్దు స్టేషను

నైజాం సరిహద్దు దాటగానే కరోడ్‌గిరీ వాళ్ళు, అంటే సుంకం అధికారులు, పెట్టెల్లోకి ఎక్కి మూటలు విప్పుతారు. మాకది కొత్త. మా మూటల్లో బెల్లం, కరక్కాయలు, పదహారు చెక్కలు ఉన్నాయి. అధికారి ఒక చెక్క తీసి అటూ ఇటూ తిప్పాడు.

"గివేంది? ఆటకా, కొట్లాటకా?"

మిద్దె కొట్టడానికని చెప్పాను. నమ్మలేదు. పదహారు చెక్కలూ ఒక్కొక్కటి ముప్పావు వీశె అని కూడా చెప్పాను. అది ఇంకా అనుమానం పెంచింది. అప్పుడు వీరమ్మ పెద్దమ్మ చెక్క అందుకుని ప్లాట్‌ఫారం మీదికి దిగింది.

వీరమ్మ ఈ పదహారుమందికీ పెద్ద. వరసకి కాదు, ఊరందరికీ పెద్దమ్మే. మిగిలిన ఆ ఒక్క బట్టీ ఆమెదే. వయసెంతో ఆమెకు తెలియదు. రెండు గాలివానలూ ఒక కరువూ పట్టుకుని నేను లెక్కేసి, అరవై మూడని తేల్చాను. "ఎందుకయ్యా, తగ్గించేదేమన్నా ఉందా?" అంది.

ఆమె ప్లాట్‌ఫారం మీద గొంతుక్కూర్చుని నాలుగు దెబ్బలు వేసి, చెవి వంచి విని, అధికారి వైపు తలెత్తింది. "నాయనా, మీ టేషను ఇక్కడ గుల్ల. కింద బోలుగా ఉంది. వానల్లో కుంగుద్ది, చూసుకో."

కూలీలు పగలబడి నవ్వారు. అధికారి కూడా నవ్వి చెక్కలు వదిలేశాడు. బెల్లానికి మాత్రం సుంకం వసూలు చేశాడు.

అమీర్‌పేట

దేవదానం రెండు ఎడ్లబండ్లతో సికిందరాబాదుకు ఎదురొచ్చాడు. ఆనాటి అమీర్‌పేట ఊరని చెప్పాలా, తోటలని చెప్పాలా తెలియదు. జామ తోటలు, కూరమళ్ళు, మోట బావులు. ఉదయం మోటల కిరకిర వినబడితే నాకు మా ఊళ్ళోనే ఉన్నట్టుండేది. అతని ఇంటి వెనక పెంకుల సావిట్లో మాకు బస ఏర్పాటు చేశాడు.

భార్య రూతమ్మ మొదటి పూట జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. పచ్చిపులుసంటే చింతపండు నీళ్ళలో ఉల్లిపాయా పచ్చిమిరపకాయా పిసికినదే. పొయ్యి ఎక్కదు. మా ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్నాడు వాళ్ళు గోంగూర నూరి పెడితే రూతమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "అయ్యో, మీరు మిద్దెలు కొట్టుడెందుకు? గీ పచ్చడి జర పూస్తే చాలు, రాళ్ళు సుత ఒంగుతయి" అంది. నాలుగో రోజుకు మా వాళ్ళు పచ్చిపులుసు అడిగి పోయించుకున్నారు. ఎండలో పనిచేసేవాళ్ళకి అంత మంచిది మరొకటి లేదని ఇప్పటికీ మా ఊళ్ళో కొన్ని ఇళ్ళలో చేస్తారు.

అక్కడి లెక్కలు నన్ను తికమకపెట్టాయి. మన రూపాయిని వాళ్ళు కల్దారు అంటారు. వాళ్ళది హాలీ. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు, పైన చిల్లర తేడా. చాయ్ దుకాణంలో ఈ భిన్నం మనసులో వేసుకుంటూ నిలబడితే దుకాణంవాడు, "అన్నా, లెక్క తర్వాత, చాయ్ సల్లగైతుంది" అన్నాడు. నెలలు కూడా వేరే. మన జనవరి, ఫిబ్రవరి కాదు, మన చైత్ర వైశాఖాలూ కాదు. కచేరీ కాగితాల మీదంతా ఫస్లీ సంవత్సరం, ఆజూరు, దై, బహమన్ అనే పేర్లు. దేవదానం గోడ మీద అలాంటి క్యాలెండరు వేలాడుతుంటే, అది ఉర్దూలో ఉందని నేను దగ్గరికే పోలేదు. ఆ నిర్లక్ష్యం ఎంత పని చేసిందో ముందు ముందు తెలుస్తుంది.

ఆదివారం దేవదానం కుటుంబం ప్రార్థనకి పోతే మా వాళ్ళు కొందరు గుమ్మం బయట నిలబడి పాట విన్నారు. వీరమ్మ ఆ పాట నడకకి చేత్తో తొడ మీద దెబ్బ వేస్తూ, "ఈ పాటకి మిద్దె కొట్టొచ్చు. దెబ్బకీ దెబ్బకీ మధ్య నీళ్ళు చల్లే సందుంది" అంది.

గుట్ట మీద

పంజాగుట్ట అప్పుడు నిజంగా గుట్టే. మనిషి పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడిన గుండ్రాళ్ళు, సందుల్లో సీతాఫలం పొదలు. ఒక బండ మీద పంజా, అంటే అరచేతి గుర్తు ఉందని, దాని వల్లే ఆ పేరని అక్కడివాళ్ళు చెప్పారు. బంజారా గుట్టల వైపు అక్కడొకటి ఇక్కడొకటి నవాబుల ఇళ్ళు లేస్తున్నాయి. బోరబండ నుంచి వచ్చిన కూలీలు రాళ్ళు పగలగొడుతుంటే ఆ చప్పుడు గుట్ట నుంచి గుట్టకి తిరిగి వచ్చేది.

జడ్జీ సాహెబు మొదటి రోజే వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్లటి షేర్వాణీ. తెలుగు తాలూకాల్లో ఉద్యోగం చేసినవాడు కాబట్టి తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు.

"చూడండి, నా మేనల్లుడు సిమెంట్ అంటుండు. నాలుగు దినాలల్ల అయిపోతదట. నేను మా అమ్మమ్మ, నానీ ఇంట్ల పెరిగిన. గా ఇంటి మిద్దె కొట్టుతుంటే వినుకుంట నిద్రపోయేటోణ్ణి. నలభై ఏండ్లాయె గా చప్పుడు విని. మీరు ఎన్ని దినాలల్ల ఇస్తరు? ఈ నెలాఖరుకు నాకు కావాలె. బేగం సామాను తెచ్చుకుంటది."

మా ఆడవాళ్ళలో ఒక పట్టింపు ఉంది. మిద్దెకు ఎన్ని రోజులని అడగకూడదు, చెప్పకూడదు. మిద్దె పలికితే అయినట్టు. పలకడమంటే, చెక్క వేస్తే గుర్తు పడకుండా, కంచు మీద వేసినట్టు ఖంగుమని ఎగిరి రావాలి. నాకీ పట్టింపు మీద మొదటినుంచీ గౌరవం తక్కువ. మా వైపు కట్టిన ఆరు మిద్దెలకు సగటు తీసి పెట్టుకున్నాను. ఒక మనిషికి రోజుకి ఏడున్నర చదరపుటడుగులు. ఇక్కడి మిద్దె నలభై అయిదు అడుగుల పొడుగు, ఇరవై నాలుగు వెడల్పు. వెయ్యీ ఎనభై. పదహారుమంది.

"తొమ్మిది రోజులండి," అన్నాను.

వీరమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. సాహెబు వెళ్ళాక, "మిద్దెకి నోరుంటే అదే చెప్పుద్దిగా లెక్కలయ్యా, నీకెందుకు తొందర?" అంది.

కంకర పరిచింది మే ఇరవై ఒకటి నుంచి మూడు రోజులు. ముందు దక్షిణం గది, తర్వాత నడిమి గది, ఆఖరున ఉత్తరం గది. దెబ్బ మొదలైంది ఇరవై మూడున. తొమ్మిది కలిపితే సరిగ్గా ముప్పై ఒకటి, నెలాఖరు. ఆ సరిపోవడం చూసి నేను లోపల్లోపల మురిసిపోయాను.

ఆ వారం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. తెల్లారకముందే అమీర్‌పేట నుంచి మట్టిదారిన నడక, ఆడవాళ్ళ భుజాల మీద చెక్కలు, జామతోటల తడివాసన. మిద్దె మీద ఎనిమిది మంది చొప్పున రెండు వరసలు, ఎదురెదురుగా. ఒక వరస దెబ్బ వేస్తే రెండో వరస చెక్క ఎత్తుతుంది. ఆ చప్పుడుకి రాళ్ళు కొట్టే బోరబండ ఆడవాళ్ళు కూడా తమ సమ్మెట దెబ్బ మార్చుకున్నారు. పాట ఎప్పటికప్పుడు కట్టేవాళ్ళు. ఎక్కువగా నా మీదే:

"లెక్కలయ్య లెక్కెంత?
మిద్దె మీద ఎండెంత!
ఎండ కొలిచే కుంచమేది?
ఎత్తరమ్మా, చెక్కలు!"

సాయంత్రాలు సాహెబు కింద కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఒకరోజు అలాగే నిద్రపోయాడు. నౌకరు లేపబోతే వీరమ్మ పైనుంచే, "లేపమాక. దెబ్బ ఆపితే ఆయనే లేస్తాడు" అంది. ఆపారు. లేచాడు.

ఎనిమిదో రోజు

ముప్పయ్యో తేదీకి దక్షిణం గదీ నడిమి గదీ పలకడం మొదలుపెట్టాయి. చెక్క వేస్తే మోచేతి దాకా జుమ్మనేది. ఉత్తరం గది మాత్రం మూగగా ఉంది. పదిహేను అడుగులు ఇంటూ ఇరవై నాలుగు, మూడువందల అరవై చదరపుటడుగులు. పైన గట్టిగానే కనబడుతుంది. అక్కడి పొడిగాలికి పై పొర ముందు ఆరి, లోపల పచ్చి ఉండిపోయింది. మా వైపు గాలిలో తడి ఉంటుంది. నా సగటులో ఈ గాలి లేదు.

"ఇంకా తాగుతా ఉందయ్యా," అంది వీరమ్మ, చిలకరించిన నీళ్ళు ఇంకిపోవడం చూపిస్తూ. "నాలుగు రోజులన్నా పట్టుద్ది."

"రేపు నెలాఖరు పెద్దమ్మా. మాట ఇచ్చాను."

"మాట ఇచ్చింది నువ్వు. మిద్దె ఇయ్యలా."

నాకు మూటలు కట్టుకున్న ఇళ్ళు గుర్తొచ్చాయి. రేపు సాహెబు మేనల్లుడు వచ్చి, వీళ్ళకి మాట మీద నిలవడం రాదంటే? అదే నా భయం. ఆడవాళ్ళు సద్దులు విప్పుకోవడానికి కిందికి దిగినప్పుడు, బంగళా గోడలు కట్టిన మేస్త్రీని పిలిచి, ఉత్తరం గది మీద పైపూత వేసెయ్యమన్నాను. పూత పడ్డాక ఇక చెక్క వేయడం ఉండదు. అతను ఒకటికి రెండుసార్లు అడిగాడు. వెయ్యమన్నాను.

వీరమ్మ పైకి వచ్చి చూసింది. పూత తెల్లగా మెరుస్తోంది. ఆమె తన చెక్క తీసుకుని నడిమి గది మీదికి పోయి కూర్చుంది. తక్కినవాళ్ళూ పోయారు. ఆ మధ్యాహ్నం నా మీద పాట కట్టలేదు.

నీళ్ళు

ముప్పై ఒకటి ఉదయం మిద్దె అంచుల చుట్టూ బంకమట్టి గట్టు వేసి, చీలమండ మునిగేలా నీళ్ళు నింపాం. ఇది ఎక్కడైనా ఉన్న పరీక్షే. ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళు నిలవాలి, కింద చుక్క రాలకూడదు.

జూను ఒకటిన పొద్దున దేవదానం నాకంటే ముందు లోపలికి పోయి, నిమిషంలో బయటికి వచ్చాడు.

"అన్నా, ఉత్తరం రూములకు రా."

మూడో దూలం పక్కన తడి. చూస్తుండగానే ఒక చుక్క సాగి, వేలాడి, రాలింది. నేను నిలబడి లెక్కపెట్టాను. నిమిషానికి నాలుగు. వేరే ఏం చెయ్యాలో తోచక లెక్కపెట్టాను.

తక్కిన రెండు గదులూ ఎండుకంకిలా ఉన్నాయి.

సాహెబు వచ్చాడు. వెనకాలే మేనల్లుడు, సూటూ బూటూ వేసుకున్న కుర్రవాడు. పైకి చూసి, మామ వైపు తిరిగి, "నేను చెప్పలేదా?" అన్నట్టు చేతులు చాచాడు. సాహెబు వీరమ్మను అడిగాడు.

"ఏమమ్మా, ఇదేంది?"

వీరమ్మ నా వైపు చూడలేదు. "తడి ఉండిపోయిందయ్యా. మేం కొట్టిందే," అంది.

ఆ మాటతో నన్ను కాపాడాననుకుందేమో. నాకు మాత్రం అక్కడ నిలబడడం కష్టమైంది. ఆమె పేరుతో ఒక చెడ్డ మిద్దె ఈ గుట్ట మీద ఉండిపోతుంది. అది నా లెక్క వల్ల.

"వాళ్ళు ఆపలేదండి," అన్నాను. "ఇంకా పలకలేదని చెప్పారు. నెలాఖరుకి ఇస్తానన్న మాట పోతుందని, వాళ్ళు అన్నం తింటుంటే నేనే పూత వేయించాను. తప్పు ఆ మూడువందల అరవై అడుగులది కాదు, నాది."

సాహెబు నా వైపు తిరిగాడు. తర్వాత అడిగిన ప్రశ్న నేను ఊహించింది కాదు.

"నెలాఖరా? నెలాఖరు ఎప్పుడు?"

"నిన్ననే కదండీ. ముప్పై ఒకటి."

సాహెబు నవ్వడం మొదలుపెట్టాడు. "అరె భాయ్! అది మీ కల్దార్ నెల. నేను చెప్పింది మా ఫస్లీ తీర్ నెల. ఇంక అయిదు దినాలున్నయి!"

దేవదానం నెత్తి కొట్టుకున్నాడు. "అన్నా, గోడకున్న క్యాలెండర్ ఒక్కసారి నన్నడిగితే చదివి చెప్తుంటి కదా!"

వెనక నుంచి పదహారుమందిలో ఎవరో, "అణా పైసలకి రెండు రకాలు లెక్కేశాడే గాని, నెలకి వెయ్యలా!" అన్నారు. నవ్వులు. అవి నాకు ఎంత చల్లగా తగిలాయో చెప్పలేను. అయిదు రోజులు చేతిలో ఉండగా నేను తొందరపడ్డానన్నమాట. పంతొమ్మిదేళ్ళు కాటా దగ్గర కూర్చున్నవాణ్ణి, అవతలివాడి తూకపురాయి ఏదో అడగకుండా తూచాను.

అయిదు రోజులు

పూత గీకేశాం. పై రెండంగుళాలు తవ్వి తీశాం. అతుకు దగ్గర సున్నపు తేట పోసి, మిగిలి ఉన్న ఆరో బండి గుల్ల విప్పి, కొత్త కంకర పరిచాం. వీరమ్మ ఈసారి ఎండ తగలకుండా పైన తడి గోనెలు కప్పించి, ఒక్కొక్క వరస గోనె ఎత్తి కొట్టించి మళ్ళీ కప్పించింది. పదహారు చేతులు చాలవని బోరబండ ఆడవాళ్ళు ఆరుగురు రాళ్ళపని అయ్యాక వచ్చి కూర్చున్నారు. మొదటిరోజు వాళ్ళ దెబ్బ తప్పుతుంటే, "ఇది రాయి కాదమ్మా, పగలగొట్టడానికి! బిడ్డని జోకొట్టినట్టు," అని మా వాళ్ళు చెప్పారు. "మా పోరలను గట్టిగనే కొడ్తం, లేకుంటె పండరు," అని వాళ్ళు జవాబిచ్చారు. రూతమ్మ కూడా ఒక పూట వచ్చి చేతులు బొబ్బలెక్కించుకుంది.

నేను ఆ అయిదు రోజులూ నీళ్ళు మోశాను. బావి నుంచి మిద్దెకి నిచ్చెన మెట్లు ఇరవై రెండు. ఎన్ని కడవలు మోశానో లెక్కపెట్టలేదు.

అయిదో రోజు పొద్దు వాలుతుండగా వీరమ్మ చెక్క వేసి, ఆగి, మళ్ళీ వేసింది. నాకు కూడా వినబడింది. ఉత్తరం గది మిగతా రెండింటికంటే సన్నటి గొంతుతో పలికింది. సాహెబు కింద కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

గట్టు కట్టి నీళ్ళు పోసే పని పడలేదు. ఆ సాయంత్రమే బంజారా గుట్టల మీదుగా మబ్బు వచ్చి, గంటన్నర కుండపోతగా కురిసింది. మేమంతా లోపల గోడలకి ఆనుకుని, తలలు పైకెత్తి నిలబడ్డాం. ఒక్క చుక్క రాలలేదు. మేనల్లుడు నా పక్కనే ఉన్నాడు. చేత్తో దూలం తడిమి, వేళ్ళు చూసుకుని, జేబురుమాలు తీయకుండానే చెయ్యి దించాడు.

అయిదూ రెండూ

ఆరో తేదీ పొద్దున సాహెబు మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు.

"అయిదు ఇండ్లు మీయే. ఈ సంవత్సరమే అయిపోవాలె. మావోళ్ళకు మస్తు తొందర. ఏమంటరు?"

అయిదు మిద్దెలంటే నలభై గడపలకీ పని. "అలాగేనండి" అని నాలిక చివరదాకా వచ్చింది. వీరమ్మ చాయ్ సాసరు కింద పెట్టింది.

"రెండే కడతామయ్యా, ఈ ఏడు."

"పెద్దమ్మా!" అన్నాను.

"నువ్వే లెక్కెయ్యి. అయిదింటికి ఎన్ని బండ్లు?"

మిద్దెకి అయిదు చొప్పున ఇరవై అయిదు. అంటే రెండు బీళ్ళు కొట్టినా చాలదు. మూడో బీడు కూడా కొట్టాలి. ఎనిమిదో ఏడు వచ్చేసరికి మాకు బొగ్గుండదు. ఇది నాకు తెలియని లెక్క కాదు. వెయ్యదలుచుకోలేదు, అంతే.

"రెండంటే రెండే," అంది ఆమె సాహెబుతో. "తక్కిన మూడూ వచ్చే ఏడూ, ఆపై ఏడూ. ఆగగలిగినోళ్ళు ఆగుతారు. మా పిల్లకాయలక్కూడా మిద్దెలు మిగలాలిగా అయ్యా."

సాహెబు గడ్డం నిమురుకున్నాడు. "గా ముగ్గురు ఆగుతరని నేను మాట ఇయ్యలేను, అమ్మా. రెండు మాత్రం పక్కా."

"రెండు చాలు."

ఇంతకీ ఆ ముగ్గురిలో ఒకరు ఆగారు. ఇద్దరు సిమెంటు వేసుకున్నారు. ఆనాడు మాత్రం నాకు ఏమీ తెలియదు. రైల్లో దారి పొడుగునా ఆ మూడిళ్ళ గురించే మథనపడ్డాను. వీరమ్మ కిటికీ పక్కన నిద్రపోయింది.

తిరిగి ఊళ్ళో

ఏడో తేదీ సాయంత్రం ఊరు చేరాం. జనం ఎదురొచ్చారు. రెండు అని చెప్పగానే కొందరి మొహాలు వెలిగాయి, కొందరివి వాడాయి. అయిదు ఇస్తామంటే వద్దన్నామని తెలిసి ఒకతను తలపాగా తీసి నేలకేసి కొట్టాడు. వీరమ్మ మూట కోడలి చేతికిచ్చి, ఇంటికి పోకుండా బట్టీల దారి పట్టింది. పదకొండింట్లో కూలని గోడ ఉన్న రెండో బట్టీ ఒకటుంది. మూడేళ్ళుగా అందులో నిప్పు లేదు. లోపలికి వంగి, చెయ్యి పెట్టి, బూడిద తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. వెనకాలే వెళ్ళిన జనం ఒక్కొక్కరే రాళ్ళ కుప్ప వైపు నడవడం మొదలుపెట్టారు. తలపాగా విసిరినవాడు కూడా దాన్ని దులిపి కట్టుకుని పోయాడు.

వీరమ్మ నా వైపు తిరిగింది. ముప్పై ఏళ్ళ ఎరుకలో ఆమె నా అంకె అడిగి ఏ పనీ మొదలుపెట్టలేదు.

"లెక్కలయ్యా, ఎన్ని బండ్లకి పేర్చమంటావు?"

"పదకొండు, పెద్దమ్మా. పది ఆ రెండు మిద్దెలకి. ఒకటి నా తప్పులకి."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఒకటి చాలుద్దా?" అని, రాళ్ళెత్తేవాళ్ళ వైపు తిరిగి కేకేసింది. "పన్నెండుకి పేర్చండ్రా!"